అర మిల్లీమీటరు కూడా లేని గోడ

ట్యూబ్‌లెస్ సైకిలు టైరు ఎక్కించడంలో కష్టమంతా ఒకటి రెండు క్షణాలదే. టైరు అంచులు రెండూ రిమ్ము నడుమనున్న పల్లంలోంచి పైకి జరిగి, చెరో పక్క గోడకూ బిగుసుకోవాలి. బిగుసుకునేదాకా లోపల గాలి నిలవదు. గాలి నిలిచి నెట్టితే తప్ప అవి బిగుసుకోవు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది వ్యవహారం. నిలువు పంపు ఎంత గట్టిగా కొట్టినా ఒక్కో పోటుకు అర లీటరు గాలి కూడా ఇవ్వదు. ఇచ్చినది ఇచ్చినట్టే అంచుల సందుల్లోంచి బయటికి పోతుంది. మనకు చెమటలు పట్టడమే మిగులుతుంది. ఇక్కడ కావలసింది ఎక్కువ గాలి కాదు, ఒక్కసారిగా వచ్చే గాలి.

1999లో ఫ్రాన్స్ కంపెనీ మావిక్, టైర్లు చేసే మిషెలిన్, హచిన్సన్‌లతో కలిసి యుఎస్‌టి అనే పేరుతో కొండదారి సైకిళ్లకు ట్యూబ్‌లెస్ పద్ధతిని తెచ్చింది. అప్పటినుంచీ ఈ తంటా ఇంటింటికీ చేరింది. పెట్రోలు బంకు కంప్రెసర్ దగ్గరికి చక్రం మోసుకెళ్లేవాళ్లు కొందరు. మిగతావాళ్లకు తోచిన ఉపాయం ఒక చిన్న తొట్టి: పంపుతో నిదానంగా గాలి నింపి పెట్టుకుని, ఒక్క తిప్పుతో మొత్తం టైరులోకి వదిలెయ్యడం. దీన్నే కంపెనీలు తయారుచేసి అమ్ముతున్నాయి. ష్వాల్బే వాళ్ల అల్యూమినియం సీసా పట్టేది 1.15 లీటర్లు, నింపగలిగింది 11 బార్ల దాకా. ఆ డబ్బు పెట్టలేనివాళ్లూ, పెట్టగలిగినా సొంతంగా చేసుకోవడంలో సరదా ఉన్నవాళ్లూ కూల్‌డ్రింక్ సీసా తీసుకుంటారు. మూతకో బెజ్జం, బెజ్జంలో వాల్వు, దానికో ట్యూబు. ఒక పూట పని.

పేలదా? చూసినవాళ్లెవరైనా మొదట అడిగేది ఇదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ సీసాను తీరిగ్గా చూడాలి. ఎందుకంటే ఈ మొత్తం సామాన్లో అన్నిటికన్నా గొప్ప పనితనం దానిదే, మనం మాత్రం దాన్ని తాగేసి విసిరేస్తాం.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఖాళీగా తూస్తే 50 గ్రాములకు అటూఇటూ ఉంటుంది. అడ్డంగా కొలిస్తే దాదాపు 11 సెంటీమీటర్లు. నడుం దగ్గర గోడ మందం 0.3 మిల్లీమీటర్లు. సీలు తీయని సీసాలో గది వేడి దగ్గర ఒత్తిడి 4 బార్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే 60 పిఎస్ఐకి దగ్గర, కారు టైరులో మనం కొట్టించే 30 పాయింట్లకు రెట్టింపు. మే నెల ఎండలో లారీలో ప్రయాణం చేసేటప్పుడు ఇంకా పెరుగుతుంది. అయినా ఆ సీసాను పసిపిల్లలు కూడా చంకనేసుకుని దుకాణం నుంచి ఇంటికి తెస్తారు, ఎవరికీ భయం వెయ్యదు. ఆ భయం వెయ్యకపోవడం వెనక ఒకాయన జీవితంలో కొన్నేళ్లున్నాయి.

ఆయన పేరు నథానియెల్ వైయత్. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు. తండ్రి పుస్తకాలకు బొమ్మలు వేయడంలో పేరున్నవాడు, తమ్ముడు ఆండ్రూ వైయత్ అమెరికా మొత్తం తెలిసిన చిత్రకారుడు. ఈయన చేతికి మాత్రం కుంచె బదులు అచ్చులు దొరికాయి. గ్యాసు నింపిన పానీయాలకు ప్లాస్టిక్ సీసా ఎందుకు లేదని అడిగితే, పేలిపోతుంది కాబట్టి అన్నారట తోటివాళ్లు. ఆయన ఆ మాట ఊరికే నమ్మకుండా, డిటర్జెంట్ సీసా ఒకటి కొని, కడిగి, అల్లం సోడా పోసి ఫ్రిజ్‌లో పెట్టాడు. తెల్లారేసరికి అది ఉబ్బి అరల మధ్య ఇరుక్కుపోయింది. పేలలేదు గానీ లొంగిపోయింది. ప్లాస్టిక్ బలహీనం కాదు, దాని అణువులు చెల్లాచెదురుగా పడి ఉండటమే బలహీనత అని ఆయన పట్టుకున్నాడు. నైలాన్ దారాన్ని సాగదీస్తే గట్టిపడుతుందని డ్యూపాంట్‌లో అందరికీ తెలుసు. కాకపోతే దారాన్ని ఒక వైపే సాగదీస్తే చాలు, సీసాను రెండు వైపులా సాగదీయాలి. పెట్ ప్లాస్టిక్‌తో ఆ పని సాధించి ఆయన పేటెంటు పొందింది 1973లో.

ఆ రెండు వైపుల సాగతీత ఇవాళ ప్రతి సీసాకూ జరుగుతోంది. సీసా మొదట సీసాలా ఉండదు. ప్రీఫామ్ అనే మందపాటి చిన్న గొట్టంగా ఉంటుంది. మెడ మీద మరలు మాత్రం అప్పటికే తయారు. దాన్ని 100 డిగ్రీల చుట్టుపక్కలకు వేడిచేసి, అచ్చులో పెట్టి, లోపలికి ఒక కడ్డీ దించి నిలువునా సాగదీస్తారు. వెంటనే 40 బార్ల దాకా ఒత్తిడి గల గాలితో ఊదుతారు. అది ఉబ్బి చల్లటి అచ్చు గోడకు కొట్టుకుని అక్కడే బిగుసుకుపోతుంది. అంటే మనం గాలి నింపితే ఏమవుతుందోనని భయపడే ఆ సీసా పుట్టిందే గాలి దెబ్బతో.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. గొట్టంలాంటి గుండ్రని పాత్రలో ఒత్తిడి పెరిగినప్పుడు, గోడను చుట్టుకొలత వెంట లాగే బలం, నిలువునా లాగే బలానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది. బాయిలర్లు చేసేవాళ్లకు ఇది మొదటి పాఠం. సీసాను ఊదేటప్పుడు నిలువునా రెండున్నర రెట్లు సాగదీస్తే, అడ్డంగా నాలుగు రెట్లకు పైగా సాగదీస్తారు. ఎక్కడ భారం ఎక్కువో అక్కడ బలం ఎక్కువ పోశారన్నమాట. లెక్క కట్టి చూడండి. లోపల 4 బార్లుంటే 0.3 మిల్లీమీటర్ల గోడలో చుట్టూ పడే లాగుడు దాదాపు 72 మెగాపాస్కల్స్. సాగదీయని పెట్ 55, 60 దగ్గరే లొంగిపోతుంది. మామూలు ఉక్కు లొంగేది 250 దగ్గర. సాగదీసి ఉండకపోతే ఆ సీసా దుకాణం దాకా కూడా వచ్చేది కాదు.

బలం లేని చోట్లూ ఉన్నాయి. మెడ సాగలేదు, అడుగున నడిమధ్య బొడిపె సాగలేదు. అందుకే ఆ రెండు చోట్లా ప్లాస్టిక్ మందంగా వదిలేస్తారు. మొదట్లో ఈ సీసాల అడుగు అర్ధగోళంలా ఉండేది, నిలబడటానికి కింద వేరే ప్లాస్టిక్ గిన్నె అతికించేవాళ్లు. ఆ గిన్నె ఖర్చు మిగుల్చుకోవడానికి వచ్చినవే ఇప్పటి ఐదు కాళ్లు. చూడటానికి పువ్వులా ఉంటుంది గానీ, ఐదు కాళ్ల మధ్య మడతల్లో పాత అర్ధగోళం ఇంకా దాగే ఉంది. పాత సీసాను వెలుతురుకెత్తి ఆ బొడిపె చుట్టూ చూస్తే ఒక్కోసారి వెంట్రుకల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తాయి. పగుళ్లకు అదే మొదలు. గీతలు కనిపిస్తే ఆ సీసా సంగతి అంతే. మంచినీళ్ల సీసాలు కూడా పెట్‌తో చేసినవే గానీ వాటికి ఈ కాళ్లుండవు, గోడ ఇంకా పలచన, గ్యాసు ఒత్తిడి కోసం పుట్టినవి కావు. పళ్లరసం సీసాలూ అంతే. గాలి నింపడానికి అవి అసలు లెక్కలోకి రావు.

మెడ మీది మరలు వేలితో తడిమి చూడండి. చుట్టూ తిరిగే మర మధ్యలో నిలువుగా కొన్ని గాట్లు తగులుతాయి. అవి అచ్చు లోపం కాదు. మూత తిప్పడం మొదలుపెట్టగానే, మూత ఇంకా మరల్ని పట్టుకుని ఉండగానే, లోపలి గ్యాసు ఆ గాట్ల గుండా బుస్సుమని బయటికి పోవాలి. లేకపోతే చివరి మర వదిలిన క్షణంలో మూత నేరుగా కంటికి వస్తుంది. రోజూ మనం వినే ఆ బుస్సు శబ్దాన్ని ఒకరు కూర్చుని ఆలోచించి పెట్టారు.

ఇంత చెప్పాక, సీసా 10 బార్లు దాటితే గానీ పగలదంటారు, మరి 6, 7 బార్లు కొడితే తప్పేముంది అనిపించవచ్చు. 10 అనేది ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన సీసా మాట. అది ఒక్కసారి నింపి, కొన్ని వారాలుంచి, తాగి పారేయడానికి చేసినది. పదేపదే ఉబ్బించి వదలడం, గీతలు పడటం, ఎండలో కారు డిక్కీలో ఉడకడం, ఇవేవీ దాని ఒప్పందంలో లేవు. పెట్ 70 డిగ్రీలు దాటాక మెత్తబడుతుంది. ఒత్తిడిలో ఉన్నప్పుడు అంతకన్నా ముందే మెల్లగా సాగడం మొదలుపెడుతుంది. బయట 45 డిగ్రీలున్న రోజు అద్దాలు మూసిన కారులో 60 దాటడం మన వేసవికి మామూలే. గాలి నింపిన సీసాను అక్కడ మర్చిపోకూడదు. నిజానికి నింపిన సీసాను ఎక్కడా మర్చిపోకూడదు.

ఇప్పుడు చేతిపని దగ్గరికొస్తాను. సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. బాయిలర్లూ పీడన పాత్రలూ తయారుచేసే చోట తనిఖీ పనిచేసి రిటైరయ్యారు, అందరూ మాస్టారనే పిలుస్తారు. కొడుక్కి ఆదివారాలు సైకిలు పిచ్చి. వాడు ఎక్కడో చూసి సీసా మూతకు బెజ్జం పెట్టి, పాత ట్యూబు వాల్వు దూర్చి, చేపల తొట్టి పైపు తగిలించి, "నాన్నా, చూడు" అన్నాడట. మాస్టారు చూసి, నోరెత్తకుండా దాన్ని అటకెక్కించి, తనే ఇంకొకటి చేశారు. నేను చూసింది ఆ రెండోది.

మొదట కంటికి కనిపించేది మూత మీద ఏమీ లేకపోవడం. ఇలాంటివి చేసేవాళ్లు సాధారణంగా మూతనే ముత్తైదువలా అలంకరిస్తారు: పంపుకొక వాల్వు, టైరుకొక గొట్టం, పైన ఒక మీటరు. మాస్టారి మూత మీద ఒక్క సన్నటి ఇత్తడి గొట్టం, రెండు పక్కలా నట్లు, అంతే. పంపు తగిలించే వాల్వు, మీటరు, సేఫ్టీ వాల్వు, గాలి వదిలే బాల్ వాల్వు అన్నీ మీటరున్నర పొడవున్న ట్యూబు అవతలి చివర ఒక ఇత్తడి టీ జాయింటు మీద ఉన్నాయి. ఎందుకలా అని అడిగితే, "మూత ఊడితే ఏది ఎగురుతుందయ్యా? మూత మీద ఏముంటే అది. బరువు పెట్టి తుపాకీ గుండు తయారు చెయ్యడమెందుకు?" అన్నారు. 4 బార్ల దగ్గర ఆ మూతను లోపలినుంచి నెట్టే బలం 15 కిలోల పైమాటే. ఇంట్లో చేసుకున్న పరికరాలు ఎన్నో చూశాను గానీ, విరిగే క్షణాన్ని ముందు ఊహించుకుని, అక్కడినుంచి వెనక్కి నడిచి వస్తువును గీసుకున్న మనిషిని అరుదుగా చూశాను.

బెజ్జం సంగతి. మూత 28 మిల్లీమీటర్లది. కారు ట్యూబ్‌లెస్ రబ్బరు వాల్వు దూరాలంటే 11.5 మిల్లీమీటర్ల బెజ్జం కావాలి. చాలామంది అదే పెడతారు, పంచరు షాపులో సులువుగా దొరుకుతుంది కాబట్టి. ఆ వాల్వు ఉక్కు రిమ్ములో కూర్చోవడానికి చేసినది, అదీ 65 పిఎస్ఐ దాకా. మెత్తటి ప్లాస్టిక్ మూతలో అంత పెద్ద బెజ్జం పెట్టి, దాన్ని 100కు కొట్టడమంటే రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి. మాస్టారు చిన్న బెజ్జంతో సరిపెట్టారు. మొదట సన్న డ్రిల్లు బిట్టు, తర్వాత కొంచెం లావుది, అలా పెంచుకుంటూ పోయి, చివర అంచును బ్లేడుతో గీకకుండా చేత్తో కోన్ బిట్టు తిప్పి నున్నగా చేశారు. బ్లేడు గాటు పడితే చీలిక అక్కడే మొదలవుతుందని. మూత లోపలివైపు లారీ ట్యూబు ముక్కతో చేసిన వాషరు. లోపల గాలి పెరిగేకొద్దీ అదే వాషరును మూతకేసి నొక్కుతుంది, ఎంత ఒత్తిడి పెరిగితే అంత బిగుతు. జిగురు ఎక్కడా లేదు. జిగుర్లు కొన్ని ఈ ప్లాస్టిక్‌ను పైకి తెలియకుండా పగలగొడతాయని ఆయన వాదన, నిజమే కూడా.

ట్యూబు గాలి పనిముట్లకు వాడే పాలీయూరిథేన్ రకం, దాని మీద 10 బార్లని ముద్ర ఉంది. ఇంట్లో మిగిలిన గ్యాసు పొయ్యి పైపు వాడేవాళ్లున్నారు. ఆ పైపు రోజూ మోసేది 30 మిల్లీబార్ల చుట్టుపక్కల, మనం అడిగేది దానికి వందరెట్ల పైన. బిగించాక క్లిప్పుల దగ్గర పట్టుకుని మాస్టారు తన బరువంతా వేసి లాగి చూశారు. ఆయన బరువు తక్కువేం కాదు.

సీసాకు జీన్స్ ప్యాంటు కాలు తొడిగి ఉంది, రెండు పొరలు. కింద మూట కట్టి, పైన పాత సీటు బెల్టు పట్టీతో మెడను ఆ తొడుగుకే కట్టేశారు. దీనివల్ల సీసా పగలకుండా ఉండదు. పగిలితే ముక్కలు తొడుగులో చిక్కుకోవచ్చు, మూత దూరం పోకపోవచ్చు. ఇక్కడ పెట్ గుణం ఒకటి కలిసొస్తుంది. అది విరగదు, చీలుతుంది. చీలినా చెవులు గింగుర్లెత్తే శబ్దం వస్తుంది, చెయ్యి దగ్గరుంటే గాయం తప్పదు. అయినా పెంకులై నలువైపులా దూసుకుపోవడం తక్కువ.

ఆ గుణం లేనిది పివిసి పైపు. మన ఊళ్లలో బోరు పైపు ముక్క లేని పెరడుండదు. నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు అని ముద్ర కూడా ఉంటుంది. సీసా కన్నా పదింతలు మందంగా కనిపిస్తుంది. రెండు చివరలా మూతలు అతికించి గాలి ట్యాంకు చేసేద్దామనిపించడం సహజం. ఆ కేజీల లెక్క నీటికి. గాలి నింపిన పివిసి తగలరాని దెబ్బ తగిలితే, లేదా ఎండకు ఏళ్ల తరబడి పెళుసెక్కితే, పదునైన పెంకులుగా పగిలి ఒంట్లోకి దూరుతుంది. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా సంస్థ భూమి పైన గాలి లైన్లకు పివిసి వాడొద్దని 1988లోనే హెచ్చరిక జారీ చేసింది. చేతికి గట్టిగా తగిలేది నమ్మదగినదనీ, నొక్కితే లొట్టపోయేది ప్రమాదమనీ మన వేళ్లు చెబుతాయి. ఈ విషయంలో వేళ్ల మాట వినకూడదు.

పరీక్ష రోజు నేను ఉన్నాను. మాస్టారు సీసా నిండా నీళ్లు పోశారు. గాలి బుడగ లేకుండా తట్టి తట్టి, ట్యూబులో కూడా నీళ్లు నింపి, మూత బిగించి, బకెట్లో ముంచి, పంపుతో 6 బార్ల దాకా తెచ్చారు. ఆయన వాడదలచింది 4 బార్లు. పనికి పెట్టేదానికి ఒకటిన్నర రెట్లతో పరీక్ష, పాత ఫ్యాక్టరీ అలవాటు.

"గాలి నింపే వస్తువుకు నీళ్లెందుకు మాస్టారూ?" అన్నాను.

"గాలి పగ పెట్టుకుంటుందయ్యా. నీళ్లు పెట్టుకోవు."

లెక్క కట్టి చూస్తే ఆ మాటలో అతిశయోక్తి లేదు. గాలి నొక్కితే నలుగుతుంది, నలిగినంతా దాచుకుంటుంది. రెండు లీటర్ల సీసాలో 6 బార్ల గాలి ఒక్కసారిగా విడుదలైతే దాదాపు 1,500 జౌళ్లు బయటపడతాయి. అదే ఒత్తిడిలో ఉన్న నీళ్లు దాచుకునేది ఒక జౌల్‌లో ఐదో వంతు కూడా కాదు. సాగిన సీసా గోడలో ఉన్నది కలుపుకున్నా ఒకటి రెండు పదుల జౌళ్లు. సీసా పగలాల్సి ఉంటే బకెట్లో బుడుంగుమని పగిలి ఊరుకుంటుంది. పరీక్ష అయ్యాక వాడుకలో 4 బార్ల గాలితో ఉన్నప్పుడు అందులో ఉండేది 900 జౌళ్ల పైన: పది కిలోల బియ్యం సంచీ మూడంతస్తుల మేడ మీంచి పడ్డంత. నింపిన సీసాను చంకలో పెట్టుకుని చక్రం దగ్గర కూర్చునేవాళ్లు ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే చాలు.

నీళ్లు నింపే ముందు సీసా నడుం చుట్టూ దారం చుట్టి కొలిచి, పెన్నుతో గుర్తు పెట్టారు. ఒత్తిడి తీసేశాక మళ్లీ కొలిచారు. ఒత్తిడిలో సాగినా, తీసేశాక దారం పాత గుర్తుకే రావాలి. పెద్ద గ్యాసు సిలిండర్లను నీటి తొట్టిలో పెట్టి శాశ్వతంగా ఎంత సాగిందో కొలిచే పరీక్షకు ఇది దారంతో చేసిన నకలు. సీసా మీద మార్కరుతో తేదీ రాశారు. ఆ తర్వాత వాడకం మధ్య మధ్యలో దారం తీసి చూస్తుంటారు.

ఇలా పగులుతుందని ముందే ఒప్పుకుని పనిచేసే పద్ధతి మనకు కొత్తది కాదు. గోలీ సోడా కొట్టే మనిషిని చూసినవాళ్లకు గుర్తుండాలి. ఇంగ్లాండులో హైరమ్ కాడ్ 1870లలో తెచ్చిన ఆ గోలీ సీసా మన సంతల్లో ఇంకా బతికే ఉంది. సోడా కొట్టేవాడు సీసాల్ని ఇనుప చట్రంలో బిగించి, చక్రం తిప్పి తలకిందులు చేస్తూ గ్యాసు ఎక్కిస్తాడు. అది గాజు, ఎప్పుడో ఒకటి పగులుతుంది. పగిలినప్పుడు చట్రం అడ్డుంటుంది, మొహం ఉండదు. మాస్టారి ట్యూబు మీటరున్నర పొడవుండటం, నింపేటప్పుడు సీసాను గోడవైపు తిప్పి నేల మీద పడుకోబెట్టి, మూతకూ అడుగుకూ ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకపోవడం, కళ్లకు అద్దాలు పెట్టుకోకపోతే కొడుకునైనా పంపు ముట్టనివ్వకపోవడం ఆ చట్రానికి దగ్గరి చుట్టాలే.

సీసా వద్దు, పాత మంటలార్పే సిలిండరు తెచ్చుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో నీళ్ల రకం సిలిండరు ఒకటి ఉంది, రెండున్నర గాలన్లది. దాన్ని 100 పిఎస్ఐ గాలితో నింపుతారు, నింపడానికి మోటారు టైరుకుండే ష్రేడర్ వాల్వే ఉంటుంది. అచ్చంగా ఈ పనికే చేసినట్టుంటుంది. లోహం, ఫ్యాక్టరీ పరీక్ష, అక్కడ 5 ఏళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష. సీసా కన్నా నమ్మదగినదే, ఆ పరీక్ష గడువు దాటనంతవరకు. మన చేతికి ఎక్కువగా వచ్చేది పౌడరు రకం. లోపల మిగిలిన పౌడరుకు తడి తగిలితే లోహాన్ని తినేస్తుంది, బయట ఎర్ర రంగు మెరుస్తూనే ఉంటుంది. పైగా తొమ్మిదిన్నర లీటర్ల సిలిండరులో 7 బార్లుంటే దాగే శక్తి 8,000 జౌళ్లు దాటుతుంది. తుప్పు పట్టిందో లేదో తెలియని దానిలో అంత పెట్టుకోవడం నా చేత కాదు. ఇక టైరులో మండే స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీసి ధన్‌మని ఎక్కించే లారీవాళ్ల పద్ధతిని సైకిళ్లకు తెచ్చిన మహానుభావుల గురించి మాట్లాడటానికి ఏమీ లేదు.

అసలు ఎక్కువ ఒత్తిడి కోసం పాకులాడటమే అనవసరమని మాస్టారి సామాను చూశాక నాకు అర్థమైంది. టైరు ఎక్కడానికి అడ్డొచ్చేది ఒత్తిడి చాలకపోవడం కన్నా దారి ఇరుకవడం. సైకిలు చక్రానికుండే ప్రెస్టా వాల్వు నడుమనున్న కోర్ తీసేస్తే గాలి దారి ఒక్కసారిగా వెడల్పవుతుంది. రిమ్ము టేపు ఒక చుట్టు అదనంగా వేసి, అంచులకు సబ్బు నీళ్లు రాస్తే అంచులు సులువుగా జారతాయి. ఇవి చేశాక 4 బార్లు సరిపోతాయి. 29 అంగుళాల కొండదారి టైరు, 2.3 అంగుళాల వెడల్పుది, అయిదు లీటర్ల పైచిలుకు గాలి పడుతుంది. రెండు లీటర్ల సీసాలో 4 బార్లు దానిలోకి వదిలితే టైరులో తేలేది 1.1 బార్లు, 16 పిఎస్ఐ. అంచులు టప్ టప్‌మని ఎక్కడం వినిపిస్తుంది. ఎక్కాక బాల్ వాల్వు మూసి, కోర్ బిగించి, మిగతాది మామూలు పంపుతో కొట్టుకోవడమే.

సన్న టైర్ల దగ్గర లెక్క తిరగబడుతుంది, దుకాణం సీసా కొన్నవాళ్లు కూడా ఇక్కడ జాగ్రత్తపడాలి. 28 మిల్లీమీటర్ల రోడ్డు టైరులో పట్టేది 1.3 లీటర్లకు మించదు. 11 బార్లు నింపిన 1.15 లీటర్ల అల్యూమినియం సీసాను దానిలోకి పూర్తిగా వదిలితే టైరులో 5 బార్లు దాటిపోతుంది. అంచులో కొక్కెం లేని కొత్తరకం రిమ్ములకు గరిష్ఠ పరిమితి సరిగ్గా 5 బార్లు. సీసా చెక్కుచెదరదు, టైరే రిమ్ము మీంచి ఎగిరిపోవచ్చు, లోపలి సీలెంటు పాలతో సహా. మాస్టారి సీసాతో అదే టైరు 2.4 బార్ల దగ్గర ఆగుతుంది. ఆయన ఈ లెక్క వేసి తొట్టి ఎంచుకోలేదు. సీసా మీద దయతో తక్కువ ఒత్తిడి పెట్టుకుంటే టైరు కూడా బాగుపడింది.

ఇంత చూశాక కూడా, డబ్బు పెట్టగలిగినవాళ్లు పరీక్షించిన సీసా కొనుక్కోవడం మేలనే నేను చెబుతాను. తొట్టి కూడా తనలోనే ఉన్న నిలువు పంపులూ వస్తున్నాయి. యూరప్‌లో పీడన పాత్రల చట్టం, గాలి లాంటి వాయువులకైతే బార్లనూ లీటర్లనూ గుణిస్తే 50 దాటని చిన్న పాత్రలను కఠిన తనిఖీల నుంచి మినహాయించి, మంచి ఇంజనీరింగ్ పద్ధతిలో చేస్తే చాలంటుంది. మాస్టారి సీసాకు ఆ గుణకారం 8. ఆ మంచి పద్ధతి అనే మాటకు చట్టంలో వివరణ వెతకడం కన్నా ఆయన బకెట్టూ దారమూ చూడటం సులువు.

మొన్న దారం పాత గుర్తును దాటింది, గోరంత. ఆ సీసాకు అంతటితో సెలవు. ట్యూబూ ఇత్తడి సామానూ విప్పి, మూతను కూడా పక్కన పడేసి, కొత్త సీసాకు కొత్త మూత మీద బెజ్జం పెట్టడం మొదలుపెట్టారు. పాత సీసాను చెత్తబుట్టలో వేసే ముందు కత్తితో నిలువునా చీల్చారు. పారేసేదానికి ఇంత శ్రమెందుకంటే, "నిన్నటినుంచీ మా మనవడు దాన్నే చూస్తున్నాడయ్యా, రాకెట్ చేస్తాడట" అన్నారు.